పౌడర్ కడిగిన ముఖాలు

మోకాళ్ళ నొప్పికని మొన్న ఒక ఆసుపత్రికి వెళ్ళాను. నా పక్క బల్ల మీద ఒక ముసలావిడ కాలు చాపుకుని కూర్చుంది. పాదం మీద పుండు. ఇంతలో తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకతె వచ్చింది. కాలు అటు తిప్పమంది, ఇటు తిప్పమంది, ఫోనుతో టకటకా నాలుగు ఫోటోలు కొట్టి వెళ్ళిపోబోయింది. ఉండబట్టలేక అడిగాను.

"ఏమమ్మా, ఆమెను అడిగినవా?"

"ఏం అడగాలి అంకుల్?"

"ఫోటో తీస్తున్న అని."

"కాలే కదా అంకుల్. చాలా ఇంటరెస్టింగ్ కేసు. మా గ్రూపులో పెట్టాలి."

ముసలావిడ నా వైపు తిరిగి, "పోనీలే అయ్యా, బిడ్డ ఏదో సదువుకుంటది," అంది. ఆ మంచితనం చూసే నాకు మరింత ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

నా పేరు నరహరి. చిక్కడపల్లిలో ఫోటో స్టూడియో నడిపాను. ఏడో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆ తరువాత నేర్చుకున్నదంతా మా పేటలోని గ్రంథాలయంలో నేర్చుకున్నదే. గ్రూప్ పరీక్షలకు చదివే కుర్రాళ్ళ మధ్య చోటు సంపాదించుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, వెలుతురు గురించీ కటకాల గురించీ ఇంగ్లీషు పుస్తకాలు చదివాను. తొంభైలలో నా అసలు పని వేరే. వైద్యకళాశాలల్లో పాఠాలు చెప్పే డాక్టర్లకు రోగుల ఫోటోలు తీసిపెట్టేవాణ్ణి, సభల్లో తెర మీద వేసే స్లైడ్లు తయారుచేసేవాణ్ణి. జీతగాణ్ణి కాను. ఏ కాలేజీ గోడ మీదా నా పేరు ఉండదు. అయినా ఆ రోజుల్లో ఈ ఊళ్ళో డాక్టరై బయటికొచ్చిన వాళ్ళలో చాలామంది నేను తీసిన ఫోటోలు చూసి రోగాలు గుర్తుపట్టడం నేర్చుకున్నవాళ్ళే.

ఇప్పుడు ఈ పనికి ప్రత్యేకంగా మనిషి అక్కర్లేదు. అందరి జేబులోనూ కెమెరా ఉంది. అందుకే అందరికీ చెప్పాలనిపించింది.

ఇంటరెస్టు

పెద్ద డాక్టరు పేరు కింద డిగ్రీలుంటాయి. డిగ్రీల కింద, ఆయనకు ఫలానా విషయంలో ఆసక్తి అని ఉంటుంది. దాన్నే వాళ్ళు ఇంటరెస్టు అంటారు. ఒకాయన ఇంటరెస్టు మూత్రపిండాల్లో రాళ్ళు. తీసిన ప్రతి రాయినీ నల్లగుడ్డ మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫోటో తీయించేవాడు. రాయి పెద్దదైతే ఆ రోజు నాకు టీ తెప్పించేవాడు. ఎముకల డాక్టరొకాయన ఇంటరెస్టు మనిషి నడక. రోగి నడుస్తుంటే వెనకనుంచే తీయమనేవాడు. ఆయనకు ముఖాలు గుర్తుండవు. ఒకసారి క్రాస్ రోడ్స్‌లో సినిమా మొదటి ఆట వదిలిన జనంలో తన రోగిని వెనకనుంచి పోల్చుకుని, "ఏమయ్యా తుంటీ, ఎలా ఉన్నావు?" అని పిలిచాడు. ఆ మనిషి సంతోషంగా వెనక్కి తిరిగాడు కూడా.

నవ్వుకోవడానికి చెప్పడం లేదు. ఏ ఇంటరెస్టూ లేని డాక్టర్లనూ చాలామందిని చూశాను. వాళ్ళు రోగి వంక తలెత్తి చూడరు. చీటీ రాస్తూనే తరువాతి వాణ్ణి పిలుస్తారు. వాళ్ళకన్నా రాళ్ళ డాక్టరు వెయ్యి రెట్లు నయం. అయితే ఇంటరెస్టు ముదిరినకొద్దీ మనిషి పక్కకు జరిగిపోతాడు, రోగం ఒక్కటే కుర్చీలో కూర్చుంటుంది. ఎక్కడ ఆగాలో తెలిసిన డాక్టరును నేను దగ్గరగా చూసింది ఒక్కరినే. చర్మవ్యాధుల ప్రొఫెసరు, అశోక్‌నగర్‌లో ఉండే డాక్టర్ శకుంతల గారు. ఆమెకు కూడా అది పుట్టుకతో వచ్చిన తెలివి కాదు. నా కళ్ళముందే నేర్చుకుంది.

రోగులందరికీ నయం చేశాం

ఆమె మొదటిసారి నా స్టూడియోకు వచ్చినప్పుడు చంకలో ఇటుకంత విదేశీ పుస్తకం ఉంది. బల్ల మీద తెరిచి పెట్టింది.

"నరహరి గారూ, ఈ బొమ్మలో ఎర్రమచ్చ కనిపిస్తోందా?"

"కనిపిస్తున్నది మేడం."

"ఇప్పుడు మీ చెయ్యి చూసుకోండి. ఈ ఎరుపు మీ చేతి మీద ఇలాగే ఉంటుందా?"

నాది బాగా నలుపు. "నా మీద ఏం కనవడ్తది మేడం," అన్నాను.

"కనిపిస్తుంది. వేరేలా కనిపిస్తుంది. ఎలా కనిపిస్తుందో మా పిల్లలకు చూపించడానికి ఒక్క బొమ్మ లేదు. తెల్లవాళ్ళ చర్మం చూసి చదువుకుంటారు, వార్డులోకి వచ్చి మనవాళ్ళ చర్మం మీద తెల్లమొహం వేస్తారు. మన రంగు మీద తొలి మచ్చ ఎలా ఉంటుందో మీరు తీసిపెట్టాలి. ముఖ్యంగా కుష్ఠు."

కుష్ఠు అనే మాట మా పేటలో ఎవరూ పలకరు. పెద్దరోగం అంటారు, అది కూడా గొంతు తగ్గించి. ఆమె మాత్రం వీధి తలుపు తీసి ఉండగానే జలుబు అన్నంత మామూలుగా అనేసింది. ఆ జబ్బుకు మందు ఉంది, ఊరికే ఇస్తారు, తొందరగా పట్టుకుంటే మచ్చ కూడా మిగలదు. పట్టుకోవడమే కష్టం. మొదట్లో అది చర్మం రంగు ఒకచోట కాస్త వెలిసినట్టు ఉంటుంది, అంతే.

మొదటి విడత ఫోటోలు తీసి నారాయణగూడలోని కలర్ ల్యాబుకు ఇచ్చాను. అక్కడ మిషను నడిపేది గఫూర్ భాయ్, నా పాత దోస్తు. ఆయన ఎంత మంచివాడంటే, ఎవరి ముఖాన్నీ ఉన్నదున్నట్టు బయటికి పంపడు. పెళ్ళిచూపుల ఫోటోలన్నీ ఆయన చేతిమీదుగానే వెళ్ళేవి. చామనఛాయ పిల్లను గోధుమరంగుకు, గోధుమరంగు పిల్లను పాలరంగుకు తెచ్చి పెట్టేవాడు. నేనూ ఆ తానులో ముక్కనే. స్టూడియో నడిచేదే దాని మీద.

ఆ ఫోటోలు తీసుకెళ్ళి శకుంతల గారి ముందు పరిచాను. ఆమె ఒక్కొక్కటే చూసింది. ఒక్కదాంట్లోనూ మచ్చ లేదు.

"మీరూ మీ ల్యాబాయనా కలిసి నా రోగులందరికీ నయం చేసేశారండీ," అంది.

గఫూర్ భాయ్ దగ్గరకు పరుగెత్తాను. "అందరు గంత నల్లగున్నరు నరహరి భాయ్, జర తెల్లగ చేసిన. ఖుష్ అయితరనుకున్న," అన్నాడు పాపం. నలుపు తేలిపోయేసరికి మచ్చ అందులో కలిసిపోయింది. అప్పటినుంచి ప్రింట్లు మానేసి స్లైడు ఫిల్ముకు మారాను. అందులో మధ్యవర్తి ఉండడు, పడిన వెలుతురు పడినట్టే వస్తుంది. ఇన్నేళ్ళుగా నేర్చుకున్న అందం చేసే పనిని ఆ ఒక్క కెమెరా దగ్గర మరిచిపోవాల్సి వచ్చింది. సులువు కాదు. నల్లటి చర్మానికి ఎదురుగా ఫ్లాష్ కొడితే అద్దంలా మెరుస్తుంది. దీపాన్ని పక్కకు జరిపి, కాస్త దూరం పెట్టి, ఓపిగ్గా కూర్చుంటే అప్పుడు ఆ చర్మం తన రంగులన్నీ చూపిస్తుంది. ఎన్ని రంగులుంటాయో చెప్పినా మీరు నమ్మరు.

చెన్నమ్మ

పుస్తకాలు చెప్పని చిక్కు ఇంకొకటి వచ్చింది. మనవాళ్ళు ఫోటో స్టూడియోకు వస్తున్నారంటే తయారై వస్తారు. డాక్టరు పంపినా సరే. తలకు నూనె, కొత్త చీర, పూలు, ముఖం నిండా పౌడరు. మచ్చ ఉన్నచోట రెండు పూతలు ఎక్కువ. వాళ్ళను కూర్చోబెట్టి, ముఖం కడుక్కోమని చెప్పడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని.

చెన్నమ్మ అలాగే వచ్చింది. మహబూబ్‌నగర్ పక్కనుంచి కూలికి వచ్చిన జంట. మొగుడు ఆంజనేయులు మేస్త్రీ దగ్గర పనివాడు, ఆమె ఇసుకా సిమెంటూ మోస్తుంది. కవాడిగూడ బస్తీలో ఒక గది కిరాయికి ఉండేవాళ్ళు. ఎడమ చెంప మీద, కంటి కిందినుంచి దవడ దాకా మచ్చ ఉందని శకుంతల గారు చెప్పింది. నాకు పౌడరు తప్ప ఏమీ కనిపించలేదు.

"చెల్లే, ఎనక నల్లా ఉంది. మొకం కడుక్కొని రా," అన్నాను.

"కడుక్కొనే వచ్చిన అన్నా."

"పౌడరు తీసెయ్యాలె."

"పౌడరు తీస్తే ఫోటో మంచిగెట్లొస్తది?"

"మంచిగ రావాల్నని గాదు చెల్లే…"

"మంచిగ రావొద్దా? గట్లయితే దేనికి దిగాలె?"

గుమ్మంలో నిలబడ్డ ఆంజనేయులు ఫక్కున నవ్వాడు. ఆమె కొంచెంసేపు నా ముఖం చూసి, ఏమనుకుందో, లేచి వెళ్ళి కడుక్కొచ్చింది. వచ్చినప్పుడు కొంగు చెంపకు అడ్డం పెట్టుకుని ఉంది. కొంగు తీయమని నేను అడగలేదు. దీపం సరిచేస్తున్నట్టు అటు తిరిగాను. ఆమే తీసింది. ఫోటో తీశాను.

అయిపోయింది అన్నాక కూడా కదల్లేదు. నా స్టూడియోలో ఒక తెర ఉండేది, పాలరాతి మెట్లు, పూలకుండీలు బొమ్మగా వేసినది. దాని వంక చూసింది.

"గా మెట్ల కాడ ఒకటి తియ్యరాదె అన్నా. నేను ఎన్నడు దిగలే."

పౌడరు డబ్బా ఇచ్చాను. అద్దం ముందు నిలబడి తీరిగ్గా అద్దుకుంది. ఆంజనేయులును లాక్కొచ్చి పక్కన నిలబెట్టుకుంది. అతడు ఊపిరి బిగబట్టి నిలబడితే, "గట్లెందుకు నిలవడ్డవ్, నిన్నేమన్న జైల్ల ఏస్తున్నరా," అని మోచేత్తో పొడిచింది. ఆ పొడుపుకు అతడు నవ్వినప్పుడే నేను నొక్కాను.

ఈ సంగతి శకుంతల గారికి చెప్పాను. "ఇకనుంచి ఎవరినీ ఒక్క ఫోటోతో పంపకండి. మనకొకటి తీసుకుంటే వాళ్ళకొకటి ఇవ్వండి," అంది. అదే మా పద్ధతి అయింది. ఆ రెండో ఫోటోలను మళ్ళీ గఫూర్ భాయ్‌కే ఇచ్చేవాణ్ణి. ఎంత తెల్లగా కావాలంటే అంత తెల్లగా చేసుకొమ్మనేవాణ్ణి.

చెన్నమ్మకు నెలనెలా వచ్చి బిళ్ళలు తీసుకెళ్ళమని చెప్పారు. ఆమె వెళ్ళాక శకుంతల గారు నాతో అంది: "ఆ మచ్చ కంటికి మరీ దగ్గరగా ఉందండీ. బిళ్ళలు ఆపకుండా మింగితే ఏమీ కాదు. మధ్యలో ఆపి, మచ్చ పొంగితే కంటిరెప్ప నరం పోతుంది. ఇక రెప్ప వాలదు. ఆమె చేసేది సిమెంటు పని."

అంతకుమించి చెప్పనక్కర్లేదు. మూతపడని కంట్లో రోజూ సిమెంటు దుమ్ము పడితే ఆ కన్ను ఎన్నాళ్ళుంటుంది?

కళ్ళకు నల్లపట్టీ

శకుంతల గారి దగ్గర సుధాకర్ అని ఒక అసిస్టెంటు ప్రొఫెసరు ఉండేవాడు. చురుకైనవాడు, మంచివాడు కూడా. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది. పాఠం చెప్పడానికని ఆమె స్లైడుల పెట్టెలోంచి చెన్నమ్మ స్లైడు అడిగి తీసుకున్నాడు. ఆ తరువాత కవాడిగూడలో ఉచిత వైద్య శిబిరం పెడుతుంటే, జనానికి తెలియాలని దాన్ని నిలువెత్తు బొమ్మగా వేయించి గోడకు కట్టించాడు. కింద పెద్ద అక్షరాలతో, ఇలాంటి మచ్చ ఉంటే వెంటనే రండి, ఇది కుష్ఠు కావచ్చు అని రాయించాడు. అలవాటు ప్రకారం కళ్ళకు అడ్డంగా నల్లపట్టీ వేయించాడు.

అది పుస్తకాల్లో ఉన్న అలవాటు. కళ్ళు కప్పితే మనిషిని కప్పినట్టే అని డాక్టర్ల లోకమంతా నమ్మేది. చెన్నమ్మ గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలున్నాయి. అసలు ఆ శిబిరం పెట్టింది ఆమె గదికి నాలుగు సందుల అవతల.

ఆ నెల ఆమె బిళ్ళలకు రాలేదు. మెట్ల దగ్గర దిగిన ఫోటో ఇవ్వడానికి నేను వాళ్ళింటికి ఒకసారి వెళ్ళాను కాబట్టి శకుంతల గారు నన్ను చూసి రమ్మంది. గదికి తాళం. ఇంటామె బయటికి వచ్చింది.

"ఖాళీ చేపిచ్చినం అన్నా."

"ఏమైందక్కా?"

"ఏమైందంటవేంది. నల్లా కాడ ఆడోళ్ళు లొల్లి వెట్టిన్రు. మేం బిందె వెట్టినంక ఆమె వెట్టాలె, ఆమె వెట్టినంక మేం వెట్టం అని. పిల్లలున్న ఇల్లు మాది. నేనేమన్న ఉన్నయి లేనియి పుట్టిచ్చిన్నా? డాక్టర్లే పటం గట్టి గోడకు వెడితిరి గద."

తిరిగి వెళ్ళి శకుంతల గారి క్లినిక్‌లో సంగతి చెప్పాను. సుధాకర్ అక్కడే ఉన్నాడు, పాలిపోయాడు.

"పట్టీ వేయించాను కదా మేడం. పుస్తకాల్లో అలాగే ఉంటుంది."

"తెలుసు. నా సొంత వ్యాసాల్లోనూ అలాగే ఉంది," అంది శకుంతల గారు. "స్లైడు నా పెట్టెలోంచే వెళ్ళింది సుధాకర్. ముందు ఆ బొమ్మ ఎక్కడుందో చూపించు."

ముగ్గురమూ కవాడిగూడ వెళ్ళాం. ఆమె స్టూలు ఎక్కి తాళ్ళు తనే విప్పింది. పోగైన జనం ఏదో అంటున్నా వినిపించుకోలేదు. బొమ్మను చుట్టి చంకలో పెట్టుకుని, నాతో ఒక్క మాట అంది: "ఆ కన్ను పోకముందే మనం ఆమెను వెతకాలి నరహరి గారూ."

అడిక్‌మెట్‌లో

నారాయణగూడ చౌరస్తాలో పొద్దున్నే కూలీల అడ్డా ఉండేది. గడ్డపారలూ తట్టలూ పట్టుకుని జనం నిలబడేవాళ్ళు, మేస్త్రీలు వచ్చి ఏరుకుని వెళ్ళేవాళ్ళు. శకుంతల గారు కాలేజీకి వెళ్ళేముందు రోజూ మేమిద్దరం అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాం. ఆమె ఆటో దిగగానే చుట్టూ మూగేవాళ్ళు.

"ఏం పనమ్మా? మట్టి పనా, స్లాబు పనా?"

"పని కాదు నాయనా. చెన్నమ్మ అని…"

"చెన్నమ్మలు శానమంది ఉన్నరమ్మా. నీకు ఎంతమంది గావాలె?"

ఆమెకు కోపం రాలేదు. ప్రతిరోజూ అదే ప్రశ్న, అదే నవ్వులాట. చివరికి ఒక ముసలి మేస్త్రీ ఆంజనేయులు పేరు విని గుర్తుపట్టాడు. ఇద్దరూ అడిక్‌మెట్‌లో లేచే ఒక అపార్ట్‌మెంటు దగ్గర, అక్కడే రేకుల గుడిసెలో ఉంటున్నారని చెప్పాడు.

మేము వెళ్ళేసరికి చెన్నమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వస్తోంది. మమ్మల్ని చూసి ఆగింది. చెంప పొంగి, నల్లబారి, ఎరుపు తిరిగి ఉంది. పుస్తకంలో చూపించి, మన చర్మం మీద వేరేలా కనిపిస్తుంది అని శకుంతల గారు అన్న ఎరుపు అదే. కన్ను నీరు కారుతోంది.

"ఎందుకొచ్చినవమ్మా ఈడికి? ఈన్నుంచి గూడ తోలిపిస్తవా?" అంది.

మెల్లిగానే అంది. అరిచినా బాగుండేది.

"తప్పయింది చెన్నమ్మా," అంది శకుంతల గారు. "నిన్ను అడక్కుండా పెట్టాం. తీసేశాను."

"తీసేస్తే మాత్రం, సూసినోళ్ళ కండ్లల్లకెళ్ళి తీస్తవా? ఒకటి అడుగుత. కండ్లకు నల్లపట్టి దేనికేసిన్రమ్మా? దొంగతనం జేసినోళ్ళకు గద గట్లేస్తరు."

"నిన్ను ఎవరూ గుర్తుపట్టకూడదని."

"బస్తీల అందరు గుర్తు వట్టిన్రు. నన్ను నేనే గుర్తు వట్టలే."

అప్పటికి ఆంజనేయులు వచ్చి ఆమె నెత్తి మీది తట్ట దించాడు. శకుంతల గారు ఇసుక కుప్ప పక్కనే చీర దోపుకుని కూర్చుంది. "నన్ను ఎంతైనా తిట్టు, వింటాను. ఒక్కసారి కళ్ళు గట్టిగా మూసుకో," అంది.

చెన్నమ్మ మూసుకుంది. కుడికన్ను మూతపడింది. ఎడమ రెప్ప వాలింది కానీ, కింద సన్నటి తెల్లగీత మిగిలింది. నేను ఎంతోమంది రోగులను కటకంలోంచి చూశాను. అంత చిన్న గీతకు అంత భయపడింది ఎప్పుడూ లేదు.

"నరం ఇంకా పోలేదు," అంది శకుంతల గారు, తనలో తను అనుకున్నట్టు. "ఇంకా టైముంది. ఈ రోజే మొదలుపెట్టాలి."

"బిళ్ళలు మింగుత. నాకు తెల్వదా నా కన్ను సంగతి? రోజు రోజుకు ఇసుక వడ్డట్టు అయితున్నది. కని ఒకటి," చెన్నమ్మ నా భుజం మీది సంచి వైపు చూసింది. "మల్ల ఫోటో మాత్రం దిగ. అన్నా, నువ్వు తీసిన మెట్ల ఫోటో ఉన్నది, పెట్టెల దాసుకున్న. అది నాది. ఇంకోటి నాది గాదు."

"సరే," అంది శకుంతల గారు.

ఆ తరువాత వారంవారం ఆమె అడిక్‌మెట్ వెళ్ళేది. చెన్నమ్మ తన దగ్గరకు వస్తే ఎవరో చూస్తారని, తనే మామూలు చీరలో, పని వెతుక్కునే మనిషిలా అక్కడికి వెళ్ళి కూర్చునేది. వాపు తగ్గే మందు, రాత్రిళ్ళు కంటికి కట్టుకోవడానికి మెత్తటి గుడ్డ, మామూలు బిళ్ళలు. తెల్లగీత తగ్గుతూ వచ్చింది. ఒకరోజు చూస్తే లేదు. రెప్పలు రెండూ సమంగా వాలాయి. చెంప మామూలు రంగుకు వచ్చింది. ఆ రోజు అక్కడ ఉన్నది మేమే. ఫోటోల లెక్కలో చెప్పాలంటే, జబ్బు ఉన్నప్పుడు ఒకటి, నయమయ్యాక ఒకటి ఉండాలి; అది ఆ రెండోది తీయాల్సిన రోజు.

"చెన్నమ్మా, ఒక్కసారే అడుగుతాను," అంది శకుంతల గారు. "నయమైనట్టు చూపించడానికి ఒక ఫోటో. గోడకు పెట్టం. డాక్టర్లకు మాత్రమే."

"వద్దమ్మా."

"సరే."

అంతే. రెండోసారి అడగలేదు, బతిమాలలేదు, మందిచ్చాను కదా అనలేదు. అంత పెద్ద ప్రొఫెసరు, అంతకాలం పెంచుకున్న ఇంటరెస్టు, అందులో అన్నిటికన్నా మంచి కేసు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు పాఠాలన్నీ మరిచిపోయినా ఆ "సరే" గుర్తుపెట్టుకుంటే చాలు.

సుధాకర్ తరువాత నన్ను పక్కకు పిలిచాడు. "పని చేసుకుంటున్నప్పుడు దూరంనుంచి ఒకటి తీయలేమా నరహరి గారూ? ఆమెకు తెలియనే తెలియదు. సభలో మేడం చదివే పేపరు బలహీనమైపోతుంది."

"మీ పెండ్లి ఫోటోలు నా కాడనే ఉన్నయి సార్. ఒకటి పెద్దది చేసి మీ గల్లీల కట్టన్నా?" అన్నాను. తల వంచుకున్నాడు. మళ్ళీ అడగలేదు.

సభ

నారాయణగూడలోనే ఒక హాలులో చర్మవైద్యుల సభ జరిగింది. వేరే ఊళ్ళనుంచి కూడా పెద్దలు వచ్చారు. స్లైడు మిషను దగ్గర నేను కూర్చున్నాను. శకుంతల గారు నల్లటి చర్మం మీద తొలి మచ్చల గురించి చెప్పింది. నేను తీసిన బొమ్మలు ఒక్కొక్కటే తెర మీద పడుతున్నాయి. సభకు ముందే ఆ రోగుల్లో ప్రతి ఒక్కరినీ ఆమె మళ్ళీ పిలిపించి, గోడ మీద వాళ్ళ స్లైడు వాళ్ళకే వేసి చూపించి, ఒప్పుకున్న వాటినే ఉంచింది. పెట్టె సగం ఖాళీ అయింది. చెన్నమ్మ స్లైడును అప్పుడే తీసి పక్కన పెట్టేసింది.

చివరికి, మచ్చ పొంగి కంటిరెప్ప దాకా వచ్చి, మందుతో తిరిగి నయమైన రోగి గురించి చెప్పే చోటు వచ్చింది. ముందురోజే ఆమె నాతో ఫిల్ము లేని ఖాళీ చట్రం ఒకటి ఆ చోట పెట్టమని చెప్పింది. బొత్తాం నొక్కాను. తెర మొత్తం తెల్లటి వెలుతురు.

ముందు వరసలోంచి ఒక పెద్దాయన నా వైపు తిరిగి, "ఏమయ్యా, నీ స్లైడు ఇరుక్కుంది, చూసుకో," అన్నాడు.

"ఇరుక్కోలేదండి. అదే స్లైడు," అన్నాను.

హాలులో నవ్వులు లేచాయి. శకుంతల గారు ఆగింది. "ఈమె ఫోటో వద్దంది. ఆమెకు నయమైంది. ఫోటో లేకుండానే చెబుతాను," అంది.

"ఫోటో లేకపోతే మేమెలా నమ్మాలమ్మా?" అన్నాడు ఆ పెద్దాయనే. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఆమె బల్ల వెనకనుంచి నడిచి వచ్చి తెర ముందు, ఆ తెల్లటి వెలుతురులో నిలబడింది. కళ్ళద్దాలు తీసేసింది. ఎడమ చెంప వెలుతురుకు తిప్పి, కంటి కింద వేలు పెట్టింది. మచ్చ ఇక్కడ మొదలైంది అంది. వేలు దవడ దాకా జార్చి, ఇక్కడి దాకా ఉండేది అంది. నరం ఎటునుంచి ఎటు పోతుందో తన ముఖం మీదే గీసి చూపింది. మచ్చ పొంగినప్పుడు ఇలా ఉండేది అని ఎడమ రెప్పను వేలితో సగంలో ఆపి చూపింది. నవ్వులు ఎప్పుడు ఆగాయో నాకు తెలియలేదు.

"ఇప్పుడు ఆమె ఇలా మూస్తుంది," అంది.

వేలు తీసేసి రెండు కళ్ళూ మూసుకుంది. నేను మిషను మీద చెయ్యి వేసి, వెలుతురు కదలకుండా పట్టుకుని కూర్చున్నాను.